గీతకు ఆ పక్క, ఈ పక్క: శిరివెళ్ల నుంచి చూస్తే నియోజకవర్గాల హద్దులు

శిరివెళ్ల మండలంలోని దళితవాడల ఓటు ఆళ్లగడ్డ అసెంబ్లీ స్థానానికి పడుతుంది. ఆళ్లగడ్డ జనరల్ సీటు. 1980ల నుంచి అక్కడి పోటీ చాలావరకు గంగుల, భూమా ఇళ్ల మధ్యనే నడిచింది. అదే నంద్యాల పార్లమెంటు స్థానం కిందికొచ్చే నందికొట్కూరు 2009 ఎన్నికల నుంచి ఎస్సీ రిజర్వుడు. అంటే ఒక గీతకు ఈ పక్కన దళితుడు ఓటరు, ఆ పక్కన అభ్యర్థి. ఈ గీత గీసిందెవరు, దాన్ని కోర్టులో అడగొచ్చునా అన్నది మనం పెద్దగా పట్టించుకోలేదు.

గీతకు ఇంత బలం ఎట్లా వచ్చిందో తెలియాలంటే పూనా ఒప్పందం దాకా పోవాలి. 1932లో కర్నూలు జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. ఆ ఒప్పందం ప్రత్యేక నియోజకవర్గాలను తీసేసి మద్రాసుకు 30 రిజర్వుడు సీట్లు ఇచ్చింది. అయినా ఒక మెట్టు మిగిల్చింది. ముందు దళిత ఓటర్లే నలుగురిని ఎంచుకోవాలి, ఆ నలుగురిలో ఒకరిని అందరూ కలిసి ఎన్నుకోవాలి. రాజ్యాంగం వచ్చాక ఆ మెట్టు కూడా పోయింది. రిజర్వుడు సీటులో గెలిచేది దళితుడే, కాని ఏ దళితుడన్నది తేల్చేది ఎక్కువగా మిగతా కులాల ఓట్లు. ఎంపిక చేతిలో లేనప్పుడు ఇక మిగిలింది హద్దే గదా.

1976లో ఖరారైన హద్దులు ముప్పై ఏళ్లు కదల్లేదు. 2002 చట్టం కింద జస్టిస్ కుల్‌దీప్ సింగ్ కమిషన్ వాటిని మార్చింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఎస్సీ సీట్లు 39 నుంచి 48 అయినాయి. కర్నూలు జిల్లాలో మొత్తం సీట్లు 13 నుంచి 14కు పెరిగినా ఎస్సీ సీట్లు రెండే. కోడుమూరు ఉన్నచోటే ఉంది. ఆలూరు జనరల్ అయింది, దాని బదులు నందికొట్కూరు రిజర్వు అయింది. దళిత జనాభా నిష్పత్తి ఎక్కువున్న చోట్ల సీట్లు పెట్టాలి, కాని వాటిని వేర్వేరు ప్రాంతాలకు పంచాలి కూడా అంటుంది చట్టం. ఈ రెండో మాటలోనే చేతివాటానికి చోటుంది. కమిషన్ పక్కన కూర్చునే పదిమంది అసోసియేట్ సభ్యులు ఎంపీలు, ఎమ్మెల్యేలే. వాళ్లకు ఓటు లేదు, నోరు మాత్రం ఉంది.

అమెరికాలో అలబామా రాష్ట్రం టస్కిగీ పట్టణం హద్దును 28 భుజాల ఆకారంగా మార్చి నల్లవాళ్ల ఓట్లను బయటికి నెట్టేసింది. దాన్ని కోర్టు విచారించాల్సిందేనని 1960లో అక్కడి సుప్రీంకోర్టు చెప్పింది. పార్టీ లాభానికి గీసిన గీతల జోలికి మాత్రం ఫెడరల్ కోర్టులు పోవని 2019లో అదే కోర్టు అన్నది. మన రాజ్యాంగం 329వ అధికరణం ఆ తలుపును మొదటే మూసింది.

ఇక్కడొక వింత ఉంది. మన దగ్గర ఆ తలుపు తట్టిన పెద్ద కేసుల్లో ఫిర్యాదు, రిజర్వేషన్ ఎందుకొచ్చిందనే. ఉజ్జయిని రిజర్వు అయినందుకు మేఘరాజ్ కొఠారీ కోర్టుకెక్కితే, కమిషన్ ఉత్తర్వు చట్టంతో సమానమని, అడగరాదని 1966లో సుప్రీంకోర్టు తేల్చింది. 2024లో గుజరాత్ బార్డోలీ కేసూ అటువంటిదే. ఈసారి కోర్టు తలుపు కొంచెం తీసింది. ఉత్తర్వు బొత్తిగా అడ్డగోలుగా ఉండి రాజ్యాంగ విలువలకు పొసగకపోతే చూడొచ్చునంది. కాబట్టి మూసిన తలుపు మనకెప్పుడూ శత్రువేనని అనలేను.

పార్వతీపురం సంగతి ఇంకా చెప్పుకోదగ్గది. 1957లో అది ఇద్దరిని ఎన్నుకునే లోక్‌సభ స్థానం. బిడ్డిక సత్యనారాయణ, డిప్పల సూరిదొర అనే ఇద్దరు ఆదివాసులకే ఎక్కువ ఓట్లొచ్చినాయి. ఓడిన వి.వి.గిరి, జనరల్ సీటు తనదేనని వాదించాడు. ఓట్లొస్తే ఆదివాసి జనరల్ సీటూ గెలవొచ్చునని 1959లో సుప్రీంకోర్టు మెజారిటీ తీర్పు ఇచ్చింది. 1961లో పార్లమెంటు ఇద్దరు సభ్యుల స్థానాలనే రద్దు చేసింది. కోర్టు తెరిచిన దారిని గీత గీసేవాళ్లు మూసేశారు.

పంచాయతీ వార్డుల్లో ఇదే తగువు మన గడప దగ్గరికే వస్తుంది. దళితవాడ ఒకే వార్డులో ఉంటే ఒక మెంబరు తన మనిషి. రెండు మూడు వార్డుల్లోకి చీలిస్తే ఎవరూ లేరు. 243-ఓ అధికరణం ఇక్కడా కోర్టును ఆపుతుంది. 1995లో ఉత్తరప్రదేశ్ కేసులో సుప్రీంకోర్టు ఒక్క సందు వదిలింది. అభ్యంతరాలు అడగకుండా, విననివ్వకుండా గీస్తే ప్రశ్నించొచ్చు. అందుకే వార్డుల ముసాయిదా పంచాయతీ ఆఫీసు గోడమీద ఎప్పుడు అంటించారో వాడలో తెలియాలి. గడువులోపల రాసిచ్చిన అభ్యంతరానికి రసీదు తీసుకోవాలి. ఆ రసీదు లేకుండా కర్నూలు హైవే ఎక్కి అమరావతి హైకోర్టు దాకా పోయినా, అక్కడ మొదట అడిగేది దాన్నే.