గోగునార చరిత్ర - నీటి ప్రశ్న

రామతీర్థమనగానే భక్తులకు రామస్వామి కోవెల, చరిత్ర విద్యార్థులకు గురుభక్తులకొండ మీది బౌద్ధారామ శిథిలాలు గుర్తుకు వస్తాయి. ఆ కొండ ఎక్కినప్పుడల్లా నా చూపు నిలిచేది అక్కడి నీటి తొట్లమీద. భిక్షువులు కొండమీద నిలవాలంటే ముందు వాననీరు నిలవాలి. దిగువ పల్లెల గోగునార చరిత్రకు కూడా నీరే మూలం.

గోగు వర్షాధారపు పైరు. కోసిన కర్రలను కట్టలు కట్టి చెరువులోనో బందలోనో రెండు మూడు వారాలు ఊరవేస్తారు. తరువాత కంపుకొట్టే నీటిలో నిలబడి నార ఒలుస్తారు. నీరు పుష్కలమైతే నార మెరుస్తుంది, బురదగుంటలో నల్లబడుతుంది. రకం తగ్గితే ధర తగ్గుతుంది. శ్రమ ఒకటే అయినా, చెరువు ఎవరి అదుపులో ఉన్నదనే దానిపై ఫలితం మారుతున్నది. షావుకారు దీనిని నాణ్యతాలోపమంటాడు; నేను ఆస్తి సంబంధమంటాను.

1947 విభజనతో జనపనార పండే నేలలో అధికభాగం తూర్పు పాకిస్తానుకు పోయింది. మిల్లులు ఇటు మిగిలాయి. ఆ కొరతలో గోగునారకు విలువ వచ్చింది. నెల్లిమర్ల, చిట్టివలస మిల్లులు ఈ ప్రాంతపు నారకు దగ్గరి గిరాకీ అయ్యాయి. 1971లో జూట్ కార్పొరేషను ఏర్పడింది. 1987లో ధాన్యం, చక్కెరలకు గోనెసంచులు తప్పనిసరి చేసే చట్టం వచ్చింది. అయినా ప్లాస్టిక్ సంచి బజారును ఆక్రమిస్తూనే వచ్చింది. 1994 జనవరిలో నెల్లిమర్లలో పోలీసు కాల్పులకు జూటు కార్మికులు బలి అయ్యారు. 2009లో చిట్టివలస మిల్లుకు తాళం పడింది. గోగుచేలు తరిగిపోయి మొక్కజొన్న పెరిగింది. అందుకు రైతును నిందించే హక్కు ఎవరికీ లేదు.

పొలం నుంచి మిల్లుదాకా గల గొలుసును బలపరిస్తే పల్లె బాగుపడుతుందని నేడు పండితులు చెబుతున్నారు. గొలుసు బలపడటం మంచిదే. కాని దాని కొస ఎవరి చేతిలో ఉన్నది? తూకం, రకం, ధర కొనేవాడే నిర్ణయించినంతకాలం బలపడేది అతని పట్టే.

మనమూ ఆత్మవిమర్శ చేసుకోవాలి. మిల్లు గేటు వద్ద కూలిరేట్లను గురించి మాట్లాడినంతగా చెరువు పూడికను గురించి మాట్లాడలేదు. రైతూ కార్మికుడూ ఒకే నారకు రెండు కొసలని సిద్ధాంతంగా చెప్పాము. వారిద్దరినీ ఒక సంఘంలో కూర్చోబెట్టలేకపోయాము. ఊరవేతకు నీటిపై హక్కు, రకం నిర్ణయించి అమ్మే రైతు సహకార సంఘం, ఊళ్ళోనే సంచులు కుట్టే స్త్రీల కేంద్రం - ఈ మూడూ కలిసి నడిచినప్పుడే నార విలువ పల్లెలో నిలుస్తుంది. నీరు నిలిపే పని కొండమీద రెండువేల ఏళ్ళనాడే జరిగింది. కొండ దిగువన అది ఇంకా మిగిలే ఉన్నది.