సామూహిక సైకిల్ మరమ్మతు శాలలు (ఫ్రాన్స్): విడిభాగాల సేకరణ

సభ్యత్వ రుసుము కట్టి, అక్కడి పనిముట్లతో ఎవరి సైకిలు వారే బాగుచేసుకునే లాభాపేక్ష లేని శాలలివి. ఫ్రాన్స్‌లో తొలితరం శాలల్లో ఒకటి 1994లో గ్రెనోబుల్‌లో మొదలైంది. వీటి సమాఖ్య ‘లెరో సిక్లాజ్’ 2010లో ఏర్పడింది.

విడిభాగాల్లో సింహభాగం జనం వదిలించుకున్న సైకిళ్లదే. పురపాలక చెత్త సేకరణ కేంద్రాల నుంచి, అపార్ట్‌మెంట్ల సెల్లార్ల నుంచి అవి వస్తాయి. బాగుపడేదాన్ని పక్కన పెట్టి, మిగతావాటిని విప్పి చక్రాలు, ఫ్రీవీళ్లు, క్రాంకులు వేరుచేస్తారు.

అసలు చిక్కు కొలతలతోనే. పెడళ్ల ఇరుసును పట్టి ఉంచే బాటమ్ బ్రాకెట్ (బీబీ) కప్పులనే చూడండి. పాత ప్యూజో సైకిళ్లలో వీటి మర వ్యాసం 35 మి.మీ., పిచ్ 1 మి.మీ.; రెండు వైపులా కుడి మరే. బ్రిటిష్ పద్ధతిలో వ్యాసం 1.37 అంగుళాలు, చైను వైపు ఎడమ మర. పైకి ఒకేలా ఉన్నాయని బలవంతంగా బిగిస్తే ఫ్రేము మరలే అరిగిపోతాయి. పెడళ్లదీ అదే తంతు: పాత ఫ్రెంచివి 14 మి.మీ., ఇప్పటివి 9/16 అంగుళం. తేడా 0.3 మి.మీ. లోపే, కంటికి ఆనదు. పాత ఫ్రెంచి కొలతల సరుకు దుకాణాల్లో అరుదు కాబట్టి మరో పాత సైకిలే దిక్కు. తుప్పు కప్పుల డబ్బాను పారేయనివ్వకపోవడం పిసినారితనమేమీ కాదు.

బ్రేకు తీగలు, బ్రేకు రబ్బర్లు, బేరింగు గోళీలు మాత్రం కొత్తవి టోకున కొనడమే మేలు. పోగులు విడిన తీగ గట్టిగా బ్రేకు వేసినప్పుడే తెగుతుంది. వంగిన అల్యూమినియం హ్యాండిల్‌ను సరిచేసి వాడకూడదు. అది నేరుగా తుక్కులోకే.