మూడో ఇన్నింగ్స్‌లో కొత్త కోచ్

శాన్‌ఫ్రాన్సిస్కో, ఒరాకిల్ పార్క్. 2022 ఏప్రిల్ 12, మంగళవారం రాత్రి. మీరు ఫస్ట్ బేస్ వైపు కింది వరసల్లో ఉన్నారు. కుడివైపు గోడ అవతలే సముద్రపు పాయ. అక్కణ్ణుంచి చలిగాలి విసురుతోంది. జెయింట్స్‌కీ శాన్‌డియేగో పాడ్రెస్‌కీ బేస్‌బాల్ మ్యాచ్, మూడో ఇన్నింగ్స్. మాటామాటా పెరిగింది. జెయింట్స్ ఫస్ట్ బేస్ కోచ్ ఆంట్వాన్ రిచర్డ్‌సన్‌ను అంపైర్ బయటికి పంపేశాడు.

క్రికెట్‌లో కోచ్ పెవిలియన్‌లో కూర్చుంటాడు. బేస్‌బాల్‌లో బ్యాటింగ్ జట్టు కోచ్ బేస్ పక్కన, గీతలు గీసిన చోట నిలబడాలి. ఇప్పుడు ఆ చోటు ఖాళీ.

జెయింట్స్ కూర్చునే డగౌట్ అటు, థర్డ్ బేస్ వైపు. అక్కణ్ణుంచి ఎవరో పరుగున వస్తున్నారు. తలకి హెల్మెట్, చొక్కా మీద 92. అలిస్సా నాకెన్! ఇందాకటిదాకా లోపల బ్యాటింగ్ కేజ్ దగ్గరే ఉంది. మైకులో పేరు వినబడగానే స్టేడియమంతా చప్పట్లు. మేజర్ లీగ్ రెగ్యులర్ సీజన్ మ్యాచ్‌లో ఒక మహిళ మైదానంలో నిలబడి కోచింగ్ చేయడం ఇదే మొదలు. పాడ్రెస్ ఫస్ట్ బేస్‌మన్ ఎరిక్ హాస్మర్ వచ్చి చేయి కలిపాడు.

శాక్రమెంటో స్టేట్‌లో సాఫ్ట్‌బాల్ ఆడిన రోజుల్లోనూ ఆమెది ఫస్ట్ బేసే. 2014లో జెయింట్స్ ఆఫీసులో ఇంటర్న్‌గా చేరింది. 2020లో మేనేజర్ గేబ్ క్యాప్లర్ సహాయ కోచ్‌గా తీసుకోవడంతో మేజర్ లీగ్‌లో పూర్తికాలపు తొలి మహిళా కోచ్ అయింది. బేస్‌ల మధ్య పరుగెత్తడం నేర్పడం అప్పట్లో ఆమె పనుల్లో ఒకటి.

ఆ హెల్మెట్ వెనక ఒక చావుంది. 2007 జులైలో, ఆర్కన్సాలో, టల్సా డ్రిల్లర్స్ కోచ్ మైక్ కూల్‌బా ఇలాగే ఫస్ట్ బేస్ పక్కన నిలబడి ఉండగా ఫౌల్ బంతి దూసుకొచ్చి తగిలింది. ఆయన వయసు 35. ఆ మరుసటి ఏడాది నుంచి బేస్ కోచ్‌లకు హెల్మెట్ తప్పనిసరి. ఇవాళ ఆమె పెట్టుకున్నది రేపు కూపర్స్‌టౌన్‌లోని బేస్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌కి వెళ్తుంది.

చప్పట్లు సద్దుమణిగాయి. అసలు పని ఇప్పుడే మొదలు. రన్నర్ బేస్ చేరగానే కోచ్ చెప్పాల్సినవి చాలా ఉంటాయి: ఎంతమంది ఔటయ్యారు, ఎవరి త్రో బలంగా ఉంది, పిచర్ బంతి వదలడానికి ఎంతసేపు తీసుకుంటున్నాడు. పిచర్ విసరడానికి కదిలినప్పటినుంచి బంతి క్యాచర్‌కి, క్యాచర్ నుంచి సెకండ్ బేస్‌కి చేరడానికి మూడు సెకన్లకు కాస్త ఎక్కువ పడుతుంది. బేస్ దొంగిలించాలంటే, అంటే బ్యాటర్ బంతిని కొట్టకుండానే తర్వాతి బేస్‌కి చేరాలంటే, రన్నర్‌కి ఉన్న వ్యవధి అంతే. పిచర్ ఉన్నట్టుండి ఫస్ట్ బేస్‌కే విసిరితే "వెనక్కి!" అని అరవాలి. ఆ అరుపు అరక్షణం ఆలస్యమైతే రన్నర్ ఔట్.

జెయింట్స్ పరుగుల మీద పరుగులు చేస్తున్నారు. చివరికి 13-2తో గెలుస్తారు. ఈలోగా మీరు ఆమెను చూడటం మానేసి బంతి వెంట పడ్డారు. ఫస్ట్ బేస్ కోచ్‌కి అంతకన్నా మంచి కితాబు లేదు. ఆ ఉద్యోగంలో జనం కంటపడేది పని చెడిన రోజునే.