హైడ్రోజన్ నిల్వ పదార్థాలు

హైడ్రోజన్‌ను తమలో ఇముడ్చుకొని, వేడిచేస్తేనో ఒత్తిడి తగ్గిస్తేనో తిరిగి వదిలే లోహాలు, మిశ్రమలోహాలు, సమ్మేళనాలు. కిలో హైడ్రోజన్‌లో దాదాపు 33 యూనిట్ల కరెంటుకు సమానమైన శక్తి ఉంది. మామూలు పీడనంలో ఆ కిలోకు 11 ఘనమీటర్లకు పైగా చోటు కావాలి. ద్రవంగా మార్చాలంటే మైనస్ 253 డిగ్రీల సెల్సియస్‌కు చల్లబరచాలి.

పల్లేడియం తన పరిమాణానికి వందల రెట్ల హైడ్రోజన్‌ను పీల్చుకుంటుందని 1866లో థామస్ గ్రాహం గమనించాడు. ఆ లోహం ఖరీదు వల్ల అది ప్రయోగశాల వింతగానే మిగిలింది. శతాబ్దం తర్వాత నెదర్లాండ్స్‌లోని ఫిలిప్స్ పరిశోధకులు అయస్కాంతాలకోసం వెతుకుతూ లాంథనం-నికెల్ మిశ్రమలోహంలో ఇదే గుణాన్ని చూశారు. అది గది వేడిమిలోనే హైడ్రోజన్‌ను పట్టి వదులుతుంది. కానీ పట్టేది బరువులో 1.4 శాతమే: 5 కిలోల హైడ్రోజన్‌కు 350 కిలోలకు పైగా లోహం మోయాలి. మెగ్నీషియం 7.6 శాతం పడుతుంది, అయితే 300 డిగ్రీల దాకా వేడిచేయందే వదలదు. పట్టూ విడుపూ రెండూ కుదిరిన పదార్థం దొరకకపోవడమే ఈ రంగం చరిత్ర.

ఆ చిక్కును కొంతైనా విప్పినవాడు బోరిస్లావ్ బోగ్దానోవిచ్. జర్మనీలోని మ్యూల్‌హైమ్‌లో మాక్స్ ప్లాంక్ బొగ్గు పరిశోధన సంస్థలో పనిచేసిన రసాయన శాస్త్రవేత్త; ఉత్ప్రేరకాలు ఆయన రంగం. సోడియం అల్యూమినియం హైడ్రైడ్‌ను రసాయనశాలల్లో క్షయకరణానికి అప్పటికే వాడేవారు. వేడిచేస్తే అది హైడ్రోజన్ ఇస్తుందనీ తెలుసు. ఇచ్చింది తిరిగి తీసుకోవడమే కష్టం. కొద్దిపాటి టైటానియం సమ్మేళనం కలిపితే 150 డిగ్రీల పరిసరాల్లోనే ఆ చర్య ఇటూ అటూ నడుస్తుందని ఆయన, మాన్‌ఫ్రెడ్ ష్విక్కార్డీ 1997లో ప్రకటించారు. రెండు దశల్లో కలిపి సిద్ధాంతరీత్యా 5.6 శాతం హైడ్రోజన్ వస్తుంది. మిశ్రమలోహాలవైపే చూస్తున్నవారి చూపు దీంతో తేలికపాటి సంక్లిష్ట హైడ్రైడ్లవైపు మళ్లింది. లోపాలూ ఉన్నాయి: తేమ తగిలితే తీవ్రంగా చర్య జరుపుతుంది, నింపేటప్పుడు పుట్టే వేడిని బయటికి లాగాలి.

అదే కాలంలో కార్బన్ నానోగొట్టాల హైడ్రోజన్ నిల్వపై వచ్చిన భారీ అంకెలు ఇతర ప్రయోగశాలల్లో నిలవలేదు. లోహ-కర్బన చట్రాలలో హైడ్రోజన్ నిల్వను 2003లో ఒమర్ యాఘీ బృందం చూపింది. మంచి ఫలితాలకు ద్రవ నైట్రోజన్ చలి కావాలి. ఈ చట్రాలపై కృషికి ఆయనకు మరో ఇద్దరితో కలిపి 2025 నోబెల్ దక్కింది.

నేటి హైడ్రోజన్ కార్లు వీటిలో దేన్నీ వాడవు. 700 బార్ పీడనం పట్టే ట్యాంకులతోనే నడుస్తున్నాయి. జర్మనీ 212 తరగతి జలాంతర్గాములు మాత్రం లోహ హైడ్రైడ్లలోనే హైడ్రోజన్ మోస్తున్నాయి. నీటిలో మునగాల్సిన నౌకకు బరువు అడ్డంకి కాదు.