అద్దకం నిలబెట్టిన రేవు

శని, ఆదివారాలు కలిసొచ్చి బందరు వెళ్దామనుకునేవాళ్ళు దాదాపు అందరూ ఒకే లెక్క వేసుకుంటారు: మంగినపూడిలో సూర్యోదయం, సముద్ర స్నానం, దత్తాశ్రమం, తిరుగు దారిలో లడ్డు. కార్తిక పౌర్ణమి స్నానాలకు వచ్చే జనం ఏనాడో వేసిన దారి అది, తప్పు పట్టడానికేమీ లేదు. కానీ బందరు ఎందుకు బందరైందో తెలియాలంటే, ఆ రెండు రోజుల్లో ఒక పూటైనా సముద్రానికి వీపు పెట్టి, అద్దకం పని జరిగే పక్క ఊరు పెడనలో గడపాలి. ఈ ఊరిని రేవుగా నిలబెట్టింది సముద్రం కన్నా ఎక్కువగా అద్దకం.

1605 ప్రాంతంలో డచ్చివాళ్ళు, 1611లో ఇంగ్లీషువాళ్ళు ఇక్కడికి వచ్చింది గుడ్డ కోసం. తూర్పు దీవుల్లో మిరియాలు, లవంగాలు కొనాలంటే ఈ తీరపు గుడ్డే చేతిలో ఉండాలి. అక్కడివాళ్ళకు అదే కావాలి. ఇందులో బందరు గొప్ప ఎరుపు రంగుది. కృష్ణ దిగువ ఇసుక నేలల్లో దొరికే చిరివేరు ఆ ఎరుపుకు మూలం. పని తీరు చూస్తే దాని విలువ తెలుస్తుంది. గంజి పోయేలా ఉతికిన నూలుగుడ్డను కరక్కాయ నీళ్ళలో ముంచి ఆరబెడతారు. ఇనుప తుక్కూ బెల్లమూ కలిపి పులియబెట్టిన నీళ్ళలో టేకు అచ్చు ముంచి కొడితే, కరక్కాయ తగిలి గీత నల్లబడుతుంది. పటిక అద్దిన చోట మాత్రం ఎరుపు జాడే ఉండదు. రాగి కాగులో వేరుతో పాటు మరిగించినప్పుడే అది పైకి తేలుతుంది. ఆ తర్వాత పారే నీళ్ళలో జాడించాలి. నేల, వేరు, కాలువ, చేతి పని: ఈ నాలుగూ ఒక్కచోట కుదరడం సముద్రం ఇచ్చిన వరం కాదు.

మంచి రేవు ఉండబట్టే కదా వ్యాపారం వచ్చింది అనవచ్చు. 17వ శతాబ్దంలో వచ్చిన ఫ్రెంచి వర్తకుడు తావెర్నియే కూడా బంగాళాఖాతంలో ఓడలు ఆగడానికి ఇంతకన్నా మంచి చోటు లేదనే రాశాడు. పెగూ, సయాం, మక్కా, మనీలా దాకా ఇక్కడి నుంచి ఓడలు వెళ్ళేవన్నాడు. ఆ మాట కొట్టేయలేం. అయితే ఇంగ్లీషువాళ్ళు 1641లో తమ ముఖ్య స్థావరాన్ని ఇక్కడి నుంచి మద్రాసుకు మార్చుకున్నారు. అక్కడ రేవే లేదు. అలల మీద చిన్న పడవల్లో సరుకు దింపుకోవాలి. అప్పట్లో బందరును ఏలుతున్న గోల్కొండ అధికారుల ఒత్తిడి ఒక కారణం. మద్రాసులో గుడ్డ చవకన్నది అంతకన్నా బలమైన కారణమని నా అభిప్రాయం. మంచి రేవును వదిలి గుడ్డ వెంట పోయారంటే, వర్తకులు దేనికి విలువ కట్టారో అర్థమవుతుంది.

ఇంకొక అభ్యంతరం బరువైనది. 1864 నవంబరు 1 రాత్రి వచ్చిన ఉప్పెనలో దాదాపు 30,000 మంది పోయారు. బందరు అప్పుడే పోయిందని ఇప్పటికీ చెప్పుకుంటారు. అంత మంది చావును తక్కువ చేసి మాట్లాడే హక్కు ఎవరికీ లేదు. కానీ ఆ నీళ్ళు వచ్చేనాటికే రేవు చిక్కిపోయింది. 1687లో గోల్కొండ పడింది. 1700లో, 1721లో ఇంగ్లండు పార్లమెంటు అద్దకం గుడ్డలను అడ్డుకునే చట్టాలు చేసింది. 19వ శతాబ్దంలో మిల్లు గుడ్డ మన ఊళ్ళకే వచ్చిపడింది. ఉప్పెన తర్వాత కొద్ది ఏళ్ళకే జర్మనీలో ఎర్ర రంగును రసాయనాలతో తయారుచేయడంతో చిరివేరు సాగుకూ దెబ్బ తగిలింది. అయినా ఇక్కడి అద్దకం ఇరాన్‌కు 20వ శతాబ్దం తొలి దశాబ్దాల దాకా వెళ్తూనే ఉంది. ఉప్పెనే అన్నిటినీ ముంచి ఉంటే ఈ గుడ్డ ఎక్కడిది?

అందుకే శనివారం ఎండ ఉన్న వేళలో పెడన, ఆదివారం తెల్లవారుజామున మంగినపూడి పెట్టుకోవడం మంచిది. వానాకాలం మాత్రం వద్దు. గుడ్డ ఆరక పని మందగిస్తుంది.