సబ్బునీరు, తెల్లదోమ

పెరటి మందారమునకు పిండినల్లి పట్టినచో బట్టలసబ్బు నీట కరగించి చల్లుమని చెప్పు పెద్దలు ఉప్పలగుప్తం వంటి కోనసీమ గ్రామములలో నేటికిని కలరు. చిన్న చిట్కాగా తోచు ఈ పనికి నూరేండ్లకు మించిన చరిత్ర యున్నది.

పందొమ్మిదవ శతాబ్దిలో ఇంగ్లండు, అమెరికా తోటమాలులు తిమింగలపు నూనెతో చేసిన సబ్బును వాడిరి. ఆ వాసనను భరించుటయే ఒక సాహసమై యుండును! పిమ్మట సబ్బునీటిలో కిరసనాయిలు చిలికి చల్లు పద్ధతి వచ్చినది. దక్షిణభారతమున చేపనూనె సబ్బు కాఫీతోటల పొలుసుపురుగులపై ప్రయోగింపబడినది.

సబ్బు మెత్తని పురుగు మేనిపైనున్న మైనపు పొరను చెరచును; పురుగు తేమ కోల్పోయి ఎండిపోవును. అయితే తడి యున్నంతవరకే దాని బలము. ఈ లోపము వలననే డి.డి.టి. రాగానే సబ్బు మూలబడినది. 1939లో పాల్ ముల్లర్ దాని కీటకసంహారశక్తిని కనుగొని, 1948లో నోబెల్ బహుమతి నందెను. ఒకసారి చల్లిన చాలకాలము పనిచేయు మందు దొరకిన తరువాత సబ్బును ఎవరు తలతురు? ఆ నిలిచియుండు గుణమే దోషమని తెలియుటకు కాలము పట్టినది. 1989లో మన దేశమున వ్యవసాయములో దాని వాడుకను నిషేధించిరి.

2016లో తమిళనాట పొల్లాచి కొబ్బరితోటలలో సర్పిలాకార తెల్లదోమ కనబడినది. అచిరకాలముననే గోదావరి జిల్లాలకును ప్రాకినది. ఆకుల అడుగున చేరి రసము పీల్చును. అది విసర్జించు తేనెబంక క్రిందనున్న అరటి, కోకో ఆకులపై పడి నల్లని మసి పట్టును. అంబాజీపేట ఉద్యాన పరిశోధనాస్థానము వారు వేపనూనెకు సబ్బుపొడి చేర్చి చల్లుమనిరి. నూనెను నీటిలో కలుపుటయు ఇచట సబ్బు పనియే.

కాని పొడవైన కొబ్బరిచెట్టు తలకు చేతిపంపు ఎక్కడ అందును? అందుచే వారు ఐసేరియా అను శిలీంధ్రమును పెంచి రైతులకిచ్చిరి. తెల్లదోమ పిల్లపురుగును లోపలినుండి తినివేయు ఎన్కార్సియా అను అతిసూక్ష్మమైన కందిరీగజాతి పురుగును కాపాడుకొనుడనిరి. ఘాటైన రసాయనములు ఈ మిత్రుని కూడ చంపును. సబ్బునీరు నేరుగా తగిలిన అదియు చచ్చును గాని, ఆరిన పిమ్మట వచ్చి వాలినది బ్రతుకును.

పెరటి మొక్కకైన సబ్బునీరే చాలును. ఎండ తగ్గినవేళ, ఆకు అడుగు తడియునట్లు పలుచగా చల్లవలెను. గాఢమైనచో ఆకే మాడును. ఉప్పునీటిలో సబ్బు విరిగి తెట్టెకట్టును గనుక, తీరగ్రామములవారు వాననీరో కాలువనీరో పట్టియుంచుకొనుట మేలు.