పేరును ముందుగా చదువు కన్నులు

మా పాఠశాలలో చదివి పట్టభద్రుడైన యొక యువకుడు మాయొద్దకు వచ్చి, “అయ్యవారూ, దరఖాస్తులో ఇంటిపేరు పూర్తిగా వ్రాయవలయునా, మొదటి యక్షరముతో సరిపుచ్చవచ్చునా?” యని యడిగెను. కారణ మడుగగా తలవంచుకొనెను. మాకు వెంటనే బదులు తోచలేదు. ఈ ప్రశ్నకు చరిత్ర యేమి చెప్పుచున్నదో విచారించితిమి.

పేరు చూచి త్రోసివేసితినని యే యజమానియు నొప్పుకొనడు. యోగ్యత చాలదనియే చెప్పును. ఒక్క మనుష్యుని విషయమున నది యసత్యమని ఋజువు చేయుట దుర్ఘటము. ఈ చిక్కును విప్పుటకు ఇంగ్లండున జోవెల్, ప్రెస్కట్-క్లార్క్ అను పరిశోధకులు, సమానయోగ్యతలు గల కల్పిత దరఖాస్తులను భిన్నజాతులవారి పేర పంపి, ఫలితములను 1970లో ప్రకటించిరి. యోగ్యత సమానమైనపుడు జవాబులలోని భేదమునకు యోగ్యతను కారణముగా జెప్ప వీలులేదు గదా!

అమెరికాలో బెర్‌ట్రాండ్, ముల్లైనాథన్ అను అర్థశాస్త్రజ్ఞులు బోస్టన్, షికాగో నగరములలోని సుమారు 1300 ప్రకటనలకు దాదాపు 5000 దరఖాస్తులు పంపి, 2004లో ఫలితములు వెల్లడించిరి. ఎమిలీ, గ్రెగ్ వంటి తెల్లవారి పేళ్లకు సుమారు పది దరఖాస్తుల కొక పిలుపు వచ్చెను. లకీషా, జమాల్ వంటి నల్లవారి పేళ్లకు పదునైదింటి కొకటి. అంతకంటె శోచనీయ మేమనగా, యోగ్యతలు పెంచి వ్రాసినపుడు తెల్లవారి పేళ్లకు పిలుపులు బాగుగా హెచ్చెను. నల్లవారి పేళ్లకు హెచ్చినది స్వల్పమే. చదువుకొనుడని బోధించు మావంటి యుపాధ్యాయుల కిది గుండెలో ముల్లు.

అది పరదేశపు గాథ యని తప్పించుకొన వీలులేదు. మన దేశమున సుఖదేవ్ థోరాట్, పాల్ అట్టివెల్ అను పండితులు ప్రైవేటు సంస్థల 548 ప్రకటనలకు 4808 దరఖాస్తులు పంపి, 2007లో ఫలితములు ప్రచురించిరి. సమానమైన చదువు గలిగియు, అగ్రవర్ణపు పేరుతో పోల్చిన దళితుని పేరునకు పిలుపు వచ్చు నవకాశము సుమారు మూడింట రెండువంతులు; ముస్లిము పేరునకు మూడింట నొకవంతు మాత్రమే.

పూర్వసంస్కర్త లీ రోగము నెరుగకపోలేదు. 1929లో చెంగల్పట్టున జరిగిన ఆత్మగౌరవ మహాసభ, పేళ్ల చివర కులబిరుదులను వదలవలెనని తీర్మానించెను. మంచిదే, కాని మన తెలుగునాట తోక తెగినను తల నిలిచియే యున్నది. ఇంటిపేరు వినినతోడనే “మీ దే యూరు? మీవా రెవరు?” అను ప్రశ్న పుట్టును. 1950లో నమలునకు వచ్చిన రాజ్యాంగపు 16వ యధికరణము కులమతభేదములను నిషేధించినది ప్రభుత్వోద్యోగములలో. ప్రైవేటు కచేరీ గడపను అది దాటదు.

పబ్లికు పరీక్షలలో జవాబుపత్రము దిద్దువానికి పేరు గనబడనీయక సంఖ్యను మాత్రమే చూపుదురు. దిద్దువాడు దుష్టుడని కాదు, మనుష్యుడని. దరఖాస్తులను మొదటిసారి వడపోయునపుడు ఈ యాచార మేల పాటింపరాదు? సమక్షమున జరుగు పరీక్షలో పక్షపాతము మరల తలయెత్తవచ్చును. ఐనను తలుపు దగ్గరనే త్రోసివేయబడుట తప్పును.

ఇతరుల ననుట కేమి? క్రొత్తతరగతి హాజరుపట్టీ విప్పిన దినమున మా కన్నును ఇంటిపేళ్లపై నొక క్షణ మాగుట మే మెరుగుదుము.

ఆ యువకునితో మే మిట్లంటిమి: “నాయనా, అవసరమును బట్టి పొట్టియక్షరమే వ్రాయుము, అందు నీకు సిగ్గు లేదు. దాచుకొనునట్లు చేసిన వారిదే సిగ్గు.” చదువరులారా! మీలో నొకరిని పనిలో నుంచుకొను నధికారము గలవారు, కాగితము చేతికి వచ్చినపుడు పేరుపై అరచేయి యుంచి తక్కినది ముందుగా చదువుడు.